గెడ మీద రొట్టెలు

కువోపియో

హిల్మా చెల్లీ, నేను గుండ్రాయిలా ఉన్నాను, దిగులు పడకు. పిల్లికూనల్ని వదిలించుకుంటేనే రొట్టెలు పంపుతానని రాశావు. నడుమ చిల్లు పెట్టి నువ్వు కాల్చిన రొట్టెను అవి బండిచక్రంలా ఇల్లంతా దొర్లించిన మాట నిజమే. నాకు రొట్టే కావాలి, పిల్లులూ కావాలి. అందుకే మన నాన్న చేసినట్టు వంటింటి కప్పు కింద గెడ కట్టి, మిగిలిన రొట్టెల్ని దానికి గుచ్చాను. పక్కింటి ఐలీ చూసి నవ్వింది.

"సాయంత్రానికల్లా నీ పిల్లులు దానిమీద ఉయ్యాలూగుతాయి, చూస్తూ ఉండు."

"కాఫీ తాగుతూ నువ్వే చూడు" అన్నాను.

కూనల్లో అల్లరిది పొర్రో, కిటికీ తెర పట్టుకుని పైదాకా పాకి, అక్కణ్ణించి దూకింది. రొట్టె అందలేదు. వచ్చి ఐలీ ఒళ్లో పడింది. అది చూసి రెండో కూన ముస్తి బుద్ధిగా తన గిన్నె దగ్గరికి పోయింది.

"సరేలే ముసలోడా, నువ్వే గెలిచావు" అంది ఐలీ, గౌను మీది కాఫీ తుడుచుకుంటూ.

ఇక రొట్టెలు పంపు. చిల్లు పెద్దది పెట్టు, గెడ లావుగా ఉంది. మీ ఆయన నడుంనొప్పి తగ్గిందా? ఉన్ని మేజోళ్లు అల్లావా? మీరంతా చల్లగా ఉండాలి.

మీ అన్న టౌనో

ఈ కార్డు మూల కొరికింది పొర్రో. దీన్ని కూడా గెడ మీద పెట్టాల్సింది.