ప్లానులో లేని పందిరి

లింగన్నా,

ఇది చదవడానికి నువ్వు లేవని తెలుసు. అయినా ఇవాళ జరిగింది నీకు కాక ఎవరికి చెప్పుకోను?

మెసైమీర్‌లో ఈ ఎడారి దేశపు ఎండలో మనం కట్టిన కాలేజీకి కొత్త ఐస్ హాకీ స్టేడియం వస్తోంది. ఉన్నది చిన్నదైపోయిందట. నీ తర్వాత ఫోర్‌మన్ పని నాకే ఇచ్చారు, నీ హెల్మెట్టే పెట్టుకుంటున్నాను. పొద్దున ఇంజనీరు నన్ను పిలిచి బల్ల మీద ప్లాను పరిచాడు. మంచు కరగకుండా నేల కింద చల్లటి గొట్టాలు. ఆడేవాళ్లకు ఏసీ, చూసేవాళ్లకు ఏసీ, మంచు గీకే బండి పెట్టే షెడ్డుకు కూడా ఏసీ. మనవాళ్లు మధ్యాహ్నం కూర్చునే పందిరి మాత్రం ఎక్కడా లేదు.

నువ్వైతే ప్లాను మీద వేలు పెట్టి, "మా పోరగాండ్లు యాడ కూసుంటరు సార్?" అని అడిగేవాడివి. చూపించేదాకా కదిలేవాడివి కాదు. ఎండకు పడిపోయిన రోజు పొద్దున కూడా అడిగావు. రేపు వేద్దామన్నారు.

"ఏమైనా చెప్పాలా?" అన్నాడు ఇంజనీరు. ఇక్కడ ఏం అడిగినా మనందరి నోటికి అలవాటైన మాటే నాకూ వచ్చింది.

"మాఫీ ముష్కిల్ సార్." ఏ ఇబ్బందీ లేదన్నాను!

బయటికి రాగానే పనిలోకి వెళ్తూ మన నిర్మల్ సాయిలు ఎదురొచ్చాడు. "అన్నా, పందిరి యాడ ఏస్తున్నరు?"

నేను నోరు విప్పకముందే వాడే నవ్వాడు. "నిన్నెందుకు అడుగుడు? లింగన్న తమ్మునివి, అడగకుంట ఎట్లుంటవ్!"

హెల్మెట్ లోపల నీ పేరు ఇంకా చెరగలేదన్నా. దాన్ని చేత్తో పట్టుకుని, ఉత్త తలతో ఎండలో నడిచాను.