అప్‌డేట్ నొక్కింది నేనే

చిన్నాయనా,

"సదువుకున్నదని జిరాక్స్ షాపుల కూసోబెడితే, ఏందో నొక్కి కంప్యూటర్ ఖతం జేసింది, ఇగ రావొద్దు" అని మునగాల అంతా చెబుతున్నావట. నాన్న కూడా నమ్మాడు.

సెక్యూరిటీ అప్‌డేట్ నొక్కింది నేనే. మర్నాడే కంప్యూటర్ ఆగిపోయిన మాటా నిజమే. అందుకే నిన్న కోదాడ తీసుకెళ్లి, రిపేరు షాపు నాగరాణి అక్కతో విప్పించాను. లోపలి ఫ్యాను బూడిదతో బిగుసుకుపోయి ఉంది. "గిది కంప్యూటరా, ఊదుబత్తుల స్టాండా?" అని నవ్వింది.

రోజూ పొద్దున్నే సీపీయూ మీది బెజ్జాల్లో ఊదుబత్తులు గుచ్చేది నువ్వే. వద్దంటే, "గిది మన లచ్చిమి, బిడ్డా, ఏం గాదు" అనేవాడివి.

ఫ్యాను మార్చాం. అప్‌డేట్ తీసేయలేదు, అయినా బాగానే నడుస్తోంది. కంప్యూటర్ నాన్నతో పంపుతున్నాను.

అక్క పనికి రమ్మంది. సోమవారం నుంచి కోదాడలో చేస్తాను. నువ్వు పిలిచినా షాపుకి రాను.