గడప దగ్గర నిలబడ్డ ఆమె

చిరంజీవి సునీల్‌కు సిరిసిల్ల నుంచి అమ్మ దీవెనలు. ఇక్కడ మేము బాగున్నాం. అక్కడ ఫాదర్ కావడానికి చదువుతున్న సెమినరీలో నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను.

నా మోకాళ్ల సంగతి అడిగావు. అవి నాకంటే ముందే ముసలివైపోయాయి. బీడీలు చుట్టడం మానమన్నావు గానీ, మానితే చేతులు ఊరుకోవు. ఈసారి ఆకు బాగాలేదు, సగం చిల్లులే.

ఇక నువ్వు రాసిన ఆ పాతకాలపు బిషప్ గురించి. ఆయన బిషప్ కాకముందు ఒకామెతో ఏళ్ల తరబడి ఉండి, కొడుకును కన్నాక, ఆమెను సముద్రం అవతలికి పంపేశాడని రాశావు. అందులో ఆయన తల్లి చెయ్యి కూడా ఉందని, ఆ తల్లి పరిశుద్ధురాలైందని, నన్నూ అట్లాగే గుండె గట్టి చేసుకోమని రాశావు. ఆమె పేరేమిటని అడిగితే, ఆయన తన పుస్తకాల్లో ఎక్కడా రాయలేదన్నావు.

అంత రాసినవాడికి ఆ ఒక్క పేరే బరువైందా? అప్పటినుంచి బీడీల చాట ముందేసుకుని కూర్చుంటే చాలు, ఆమె గడప దగ్గర నిలబడ్డట్టే ఉండేది. ముఖం కనపడేది కాదు. లోపలికి రమ్మందామంటే ఏమని పిలవను? భయమేసేది నాయనా.

పెళ్లిలోనైనా కోరికకు మచ్చ తప్పదని, దాని వెంటే ఆదాము పాపం పుట్టే బిడ్డకు అంటుతుందని ఆయన చెప్పాడట. నువ్వు పుట్టినప్పుడు నిన్ను వెనకా ముందూ తిప్పి చూసుకున్నాను. తొడ మీద పుట్టుమచ్చ తప్ప ఏమీ లేదు. మీ నాన్న మీద ఆశ లేకుండానే నిన్ను కన్నానని చెప్పడానికి నాకు నోరు రాదు.

కల్పన మళ్లీ వచ్చిందా అని అడిగావు. వచ్చింది. కోరుట్లలో మీరిద్దరూ రెండేళ్లు కాపురమున్న గది ఖాళీ చేసి, వానలో బస్సు దిగి వచ్చి, ఆ గడప దగ్గరే నిలబడింది. ఆ పేరు లేనామే వచ్చిందనుకున్నాను.

"అత్తమ్మా, పాపం చేసినవంటే ఒప్పుకుంట. నేనే పాపమంటే ఎట్ల?" అంది.

"ముందుగాల లోపటికి రా, కల్పనా" అన్నాను. పేరు వినగానే ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అప్పటినుంచి ఇక్కడే ఉంటోంది.

నీకు చెప్పనిది ఇంకొకటి ఉంది. నిన్ను గురువును చేసేముందు విచారణ చేయాలని పోయిన ఆదివారం మన ఫాదర్ ఇంటికి వచ్చారు.

"ఏ బంధం లేదన్నడు మీ కొడుకు. నిజమేనా అమ్మా?" అని అడిగారు.

ఏ బంధమూ లేదని నువ్వు చెప్పమన్న మాట నాలుక చివరే ఉంది. వెనక గదిలో కల్పన ఆకు కత్తిరిస్తోంది. కత్తెర చప్పుడు ఆగిపోయింది.

"ఉన్నది ఫాదర్. గామె పేరు కల్పన" అన్నాను.

నీ గురుత్వం నా మాటతోనే ఆగిపోవచ్చు. తిట్టు, పడతాను. ఆ తల్లిలా మాత్రం నేను ఉండలేను. గడప దగ్గర ఇప్పుడు ఎవరూ నిలబడటం లేదు. జవాబు రాస్తే ఇద్దరి పేర్లూ పెట్టి రాయి.

ఇట్లు,
ఆశపడి నిన్ను కన్న అమ్మ,
రత్నమాల