అంజయ్య ఓడిన రోజు

మంగళవారం. ముసురు ఆగలేదు.

ఇస్నాపూర్ బస్టాపులో పడుకునే అంజయ్యతో ఏడాదిగా రోజూ పులిమేక ఆడుతున్నాను. నా ఫ్యాక్టరీ నట్లు ఆయన పులులు, గులకరాళ్లు నా మేకలు. వానకు తడవకుండా ఫ్యాక్టరీ గేటు పక్క గదిలో ఉండమంటే నవ్వేవాడు. "నువ్వు గెల్సిననాడు వస్త సేటు. అంటే ఈ జన్మల రానన్నట్టే."

ఈరోజు దగ్గుతూనే ఆడాడు. నా మేకల మధ్య ఆయన మూడు పులులూ ఇరుక్కున్నాయి.

"ఏం జేస్తం? తాళంచెవి ఇయ్యి."

గదిలోకి రాగానే, భుజం మీది సంచి దించకముందే నేల మీద సుద్దతో ఆట గీతలు గీశాడు. "రేపు సూడు, నీ మేక ఒక్కటి గూడ మిగలది."

ఇంటికొచ్చినా నాకు నవ్వు ఆగడం లేదు. చివర్లో, పులులు ఇరుక్కోకముందు, నా మేకను తినే దారి ఆయనకు ఉండింది. చూడలేదేమో. అడగను.