సున్నం కింద పోయిన పాచి

ఏలూరు, నవంబరు 1934, మంగళవారం

రేపు ఇన్‌స్పెక్టరు గారి ముందు నా మోడల్ పాఠం. జంతువులూ మొక్కలూ ఎలా బతుకుతాయో చెప్పడానికి కొల్లేటి నీటికుక్కకీ గోడ మీది పాచికీ పోలిక. అది కుదిరితేనే ఉద్యోగం ఖాయం. నీటికుక్క బొమ్మ గీసుకున్నాను. పాచిని బడి వెనక గోడ మీదే పిల్లలకు చూపిద్దామనుకున్నాను. సాయంత్రం వెళ్లి చూస్తే గోడంతా తెల్లగా మెరుస్తోంది!

"మాస్టారూ, ఇక్కడి పాచి ఏమైందండీ?" అని హెడ్మాస్టరు గారిని అడిగాను.

"ఇన్‌స్పెక్టరు దొరగారు వస్తుంటే పాచి ఉంచుతామా అమ్మా? గీకించి సున్నం కొట్టించాను," అన్నారు సంబరంగా.

నూతి గట్టు కూడా వదల్లేదు.

అలికిడైతే నీటికుక్క నీళ్లలోకి జారుకుంటుంది, పాచి ఉన్నచోటే ఉండి బతుకుతుంది అని నోట్సులో రాసుకున్నాను. ఇప్పుడు "బతుకుతుంది" అన్న మాట కొట్టేశాను.

రేపు దొరగారి కారు చప్పుడు వినబడ్డా నేను బోర్డు పక్కన కదలకుండా నిలబడాలి.