బొమ్మ కింద అక్షరాలు

1 సెప్టెంబరు, సోమవారం

ముందు అందరి ఆరోగ్యం. మా అబ్బాయి నాగులుకు దగ్గు తగ్గలేదు, పలకల ఫ్యాక్టరీ దుమ్ము అట్లాంటిది. కోడలు నాగజ్యోతికి నడుం నొప్పి, కుట్టుమిషన్ మాత్రం వదలదు. దొనకొండలో మా చెల్లెలు శ్రీశైలమ్మ షుగర్ తగ్గిందని ఫోన్‌లో చెప్పింది. నేను నమ్మలేదు. నాకు బీపీ. మనవరాలు రమ్యకు ఏమీ లేదు. ఏమీ లేదని రాయాలన్నా భయమే. మే నెలలో చెవిపోటుతో మూడు రోజులు ఏడ్చింది. ఇప్పుడు బాగుంది.

పైకి చెబితే విసుక్కుంటారని ఇట్లా రాసుకుంటున్నాను. మూడో తరగతి చదువు. తప్పులుంటే ఉండనీ.

4 సెప్టెంబరు, గురువారం

రమ్య డిగ్రీ రెండో ఏడు. కాలేజీ నుంచి రాగానే ఫోన్‌లో గేమ్. కత్తి పట్టిన ఆడపిల్ల ఒకతి తప్పిపోయిన చెల్లెల్ని వెతుక్కుంటూ ఊళ్లు తిరుగుతుంది. కొట్లాట తక్కువ, మాటలెక్కువ. పోయిన ఏడు వాళ్లు ఇంగ్లీషులో మాట్లాడేవాళ్లు. మదర్, కమ్, గో అంటే నాకూ తెలిసేది. ఇప్పుడంతా జపాన్ భాష. సెట్టింగ్స్‌లో మార్చిందట. బొమ్మ కింద ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి, అవి చదువుకుంటుంది.

ఎందుకు మార్చావే అని అడిగితే, జపాన్ వాళ్ల గొంతులో ఫీలింగ్ ఉంటుందంది. నాకైతే మేకపిల్ల అరిచినట్టుంది. ఇయర్‌ఫోన్స్ మాత్రం నేనే మాన్పించాను, చెవులు పాడవుతాయని.

7 సెప్టెంబరు, ఆదివారం

గిద్దలూరు నుంచి రమ్య మేనమామ కొడుకు మోహన్ వచ్చాడు. వాడూ ఇదే గేమ్ ఆడతాడు. అన్నాల దగ్గర ఇద్దరికీ అదే గొడవ. ఇంగ్లీషు వాయిస్ అయితే చెవులతో విని కళ్లు రాక్షసుడి మీద పెట్టుకోవచ్చని వాడు. ఇంగ్లీషు వాళ్లు బస్టాండులో అనౌన్స్‌మెంట్ చదివినట్టు చదువుతారు, జపాన్ వాళ్లు ఊపిరి పీల్చినా ప్రాణం ఉంటుందని ఇది. మరి పోయిన దసరాకు ఇంగ్లీషే గొప్పని నాతో పోట్లాడింది ఎవరని వాడు అడిగాడు.

"కింద రాతలు చదివే లోపల నీ రాక్షసుడు నంద్యాల చేరతాడు. జపాన్ కోడలివైతావా ఏంది?"

కోడలు నవ్వింది. దాన్ని చూసి రమ్య నవ్వింది.

మా ఇంట్లో మాటలన్నీ కేకలే. నాగులు పాతికేళ్లుగా పలకలు కోసే మిషన్ దగ్గర పనిచేస్తున్నాడు, అరిస్తే తప్ప వినపడదు. మోహన్ ఒక్కడే మెల్లగా మాట్లాడతాడు. వాడికి రమ్య రెండుసార్లు సంబంధం లేని జవాబిచ్చింది. ధ్యాస గేమ్ మీదుందేమో.

9 సెప్టెంబరు

నాగులు కళ్లె బూడిద రంగులో పడింది. నేను చూశాను, ఎవరికీ చెప్పలేదు.

12 సెప్టెంబరు, శుక్రవారం, సాయంత్రం ఆరు

చూసింది చూసినట్టు రాస్తాను.

దీపం పెట్టే వేళ గేమ్ మోత ఎక్కువైంది. రమ్య మంచినీళ్లకు లేచినప్పుడు ఫోన్ పక్కనున్న మీటను కిందికి నొక్కి సౌండ్ పూర్తిగా తీసేశాను. దీపం పెట్టి, వచ్చి దాని పక్కన కూర్చున్నాను. తెర మీద ఆ కత్తిపిల్ల ఎవరి శవం మీదో పడి నోరు తెరిచి ఏడుస్తోంది. రమ్య కళ్ల నిండా నీళ్లు.

"వినవ్వా, ఎట్ల ఏడుస్తాందో. ఇంగ్లీషులో ఇట్ల రాదు."

నాకేమీ వినపడలేదు. నా చెవులే పోయాయనుకున్నాను. లోపల కోడలి మిషన్ టకటక వినపడింది. రోడ్డు మీద ఆటో హారన్ వినపడింది. మీట నొక్కింది నేనేనని అప్పుడు గుర్తొచ్చింది.

అదే రోజు, ఏడున్నర

దొడ్లోకి తీసుకుపోయి ఎదురుగా నిలబెట్టి అడిగాను. ఎడమ చెవి పూర్తిగా పోయిందట. కుడి చెవిలో గోడ అవతల మాట్లాడినట్టు ఉంటుందట. మే నుంచి అంతే. క్లాసులో ముందు బెంచీలో కూర్చుని లెక్చరర్ పెదాలు చూస్తోందట.

"ఇంగ్లీషైతే విని ఆడాల. నాతో కాలేదు. జపాన్ మాటలు మనోళ్లెవురికీ అర్థం కావు, అందరూ చదువుకోవాల్సిందే. ఆడ నేనూ మోహన్ బావా ఒకటే అవ్వా."

ఎందుకు చెప్పలేదో అడగలేదు.

నాకు తెలుసు. ఆ చెవిపోటప్పుడు కోడలు డాక్టరు దగ్గరికి బయల్దేరితే అడ్డం పడింది నేను. చెవిలో ఇనుము పెట్టి పొడుస్తారని భయం. వెల్లుల్లి వేసి నూనె కాచి పోశాను. మా అమ్మ నాకు పోసింది, నేను నాగులుకు పోశాను. వేడి ఎంతుందో వేలు ముంచే చూశాను. అరవై ఏళ్లు పొయ్యి దగ్గర మొద్దుబారిన వేలు. దానికి గోరువెచ్చగా ఉంది. పోటు రెండో చెవికి పాకకూడదని అందులోనూ పోశాను. పిల్ల గిలగిల్లాడితే మందు పనిచేస్తోందన్నాను.

"నాయనకు చెప్పొద్దు. తెలిస్తే నిన్ను ఇంట్లో ఉండనీడు."

నాలుగు నెలలు నా కోసం దాచింది.

13 సెప్టెంబరు

చెప్పలేదు.

14 సెప్టెంబరు, ఆదివారం

చెప్పలేదు. దొనకొండకు పోయి చెల్లెలి దగ్గర ఉండిపోదామా అని బట్టలు సంచిలో పెట్టాను. మళ్లీ తీశాను. ఒక్కో రోజూ ఆ కుడి చెవి ఇంకెంత పోతోందో.

15 సెప్టెంబరు, సోమవారం

చెప్పాను.

నాగులు పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. మొదటిసారి చెబితే వాడికి వినపడలేదు. ఏందమ్మా అన్నాడు. గట్టిగా చెప్పాల్సి వచ్చింది. నూనె నేనే పోశాను, పిల్ల చెవులు నేనే చెడగొట్టాను అని అరిచాను. వీధంతా విన్నది. ఎదురింటి వాళ్లు గడపలోకి వచ్చి నిలబడ్డారు.

కోడలు నా వైపు చూడకుండా అంది, "ఆ పొద్దు ఆటో ఎక్కినదాన్ని చెయ్యి పట్టి దించినావు గదత్తా."

నాగులు కూర్చుని తువ్వాలుతో కాళ్లు తుడుచుకున్నాడు. తడి ఆరినా తుడుస్తూనే ఉన్నాడు. తర్వాత అడిగాడు.

"చిన్నప్పుడు నాకెన్నిసార్లు పోసినావమ్మా?"

లెక్క గుర్తు లేదు. ఆ మాటే చెప్పాను. వాడు తన చెవి మీద చెయ్యి పెట్టుకుని, అన్నం వద్దని లేచిపోయాడు.

18 సెప్టెంబరు, గురువారం

ఇక్కడి డాక్టరు చూశాడట. నన్ను తీసుకుపోలేదు, వచ్చాక రమ్యే చెప్పింది. ఎడమ చెవి పొరకు పెద్ద చిల్లు. చీము లోపలి ఎముక దాకా పోయింది. కుడి చెవి సంగతి పెద్దాసుపత్రిలో టెస్టులు చేస్తే గానీ తెలియదు. తిరిగి వస్తుందా అని కోడలు అడిగితే, డాక్టరు కాగితం రాసుకుంటూ ఉండిపోయాడట.

కోడలు నాతో మాట్లాడటం లేదు. కంచం పెట్టి పోతోంది.

20 సెప్టెంబరు

గుంటూరు పెద్దాసుపత్రికి ముగ్గురికే టికెట్లు అన్నారు. రమ్య నాలుగోది తీయించింది. రైల్లో తన కుడివైపు నన్ను కూర్చోమంది.

ప్రయాణం ఇరవై ఆరు, శుక్రవారం.