తొట్టెల కింద చాపని చేతులు

నిజామాబాద్,
14 డిసెంబర్ 1997

సుమిత్రక్కా,

నీ బిడ్డ తొట్టెల నాడు నేను చేతులు చాపలేదని ఇప్పటికీ అందరికీ చెప్తున్నవట. చెప్పు, అబద్ధం కాదు. ఎందుకు చాపలేదో మాత్రం నీకు తోచింది నువ్వు అనుకున్నవు, అవ్వకు తోచింది అవ్వ అనుకున్నది. నన్ను ఒక్కరూ అడగలేదు. తొట్టెల కింది నుంచి పిల్లను అందిస్తే అవతలి దిక్కున చిన్నమ్మ అందుకోవాలె, మూడు సార్లు. మీ అత్త శంకరమ్మ నడుం వంచి పిల్లను నా వైపు చాపింది. నేను చేతులు కొంగుల దాచుకున్న. వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయింది. ఆఖరుకు మన పక్కింటి సత్తవ్వ వచ్చి అందుకున్నది. డిగ్రీ చదివిన పిల్లాయె, ఉచ్చగుడ్డలంటే రోత ఉంటదని మీ అత్త అంటే అందరూ నవ్విండ్రు. నువ్వు నవ్వలేదు. నీ ముఖం నేను చూసిన.

అవ్వదీ అదే పాట. మూడు నెలలైంది నేను బీడీలకు కూర్చోక. "నిన్ను కని, ఇరవై ఏండ్లు ఆకు కత్తిరించి చదివిస్తిని, ఇప్పుడు ఆ కత్తెర పడితే నీ చెయ్యి మురికైతదా?" అంటది. బాపు సగమే నిండిన బీడీల గంప నెత్తికెత్తుకొని కార్ఖానాకు పోతడు. ఆ సగం గంపే నాకు ఎక్కువ గుచ్చుకుంటది.

కత్తెర మురికి కాదక్కా. ఇప్పుడు రాసేది చదివి పొయ్యిల వెయ్యి.

నువ్వు పురిటికి వచ్చి ఉన్నప్పటి మాట. పిల్లకు పదో రోజు. దాన్ని చాప మీద పండబెట్టి, జర చూడుమని చెప్పి నువ్వు స్నానానికి పోయినవు. పక్కన కూర్చొని నేను బీడీలకు తునికాకు కత్తిరిస్తున్న. ఉన్నట్టుండి, ఈ కత్తెర ఆ కడుపుల దింపితే అన్న ఆలోచన వచ్చింది. కోపం లేదు, కసి లేదు. నా గొంతుతోనే, వంట ఏం చెయ్యాలె అన్నంత మామూలుగ వచ్చింది. కత్తెర చాటల పడేసి వాకిట్లకు ఉరికిన. ఆనాటి నుంచి రోజుకు ఎన్ని వందల సార్లో. కత్తెరను బియ్యం డబ్బాల దాచిన, అవ్వ వెతికి వెతికి తిట్టింది. నాకు తెలువకుండనే ఏమన్న చేసిన్నేమోనని పిల్ల గుడ్డ విప్పి కడుపు మీద గీత ఉన్నదా అని చూసేది. ఒకసారి చూస్తే మనసు ఒప్పదు. తొమ్మిది సార్లు చూసేది. నువ్వు అది చూసి అవ్వతోటి, చెల్లెకు ఎంత పాణమో చూడు అన్నవు. ఆ మాట ఇన్ననాడు నేను బతికి ఉండుడే తప్పనిపించింది. అటువంటి చేతులు తొట్టెల కింద ఎట్ల చాపుత?

మొన్న ఖలీల్‌వాడిల డాక్టర్ దేవిదాస్ దగ్గరికి ఒక్కదాన్నే పోయిన. మనసు జబ్బుల డాక్టర్. బయట బెంచి మీద చున్నీ ముఖానికి కప్పుకొని కూర్చున్న. ఎదురుంగ మా కాలేజీ అటెండర్ రుమాలు కప్పుకొని కూర్చున్నడు. ఇద్దరం ఒకర్నొకరు గుర్తుపట్టి, పట్టనట్టే ఉన్నం. నా సంగతి చెప్పినంక డాక్టర్ పోలీసులను పిలుస్తడనుకున్న. ఆయన కండ్లద్దాలు తుడుచుకొని, "ఆ పిల్లంటే నీకు పాణం కదమ్మా?" అన్నడు. నేను ఏడ్చిన. మనుషులు దేన్ని పాణంగ చూసుకుంటరో దాన్నే పట్టుకొని బెదిరిస్తదట ఈ జబ్బు. ఓసీడీ అంటరట. చెయ్యాలనుకునేటోళ్లు ఇట్ల వణకరట. కొందరు చేతులు కడిగిందే కడుగుతరు, కొందరు తాళం చూసిందే చూస్తరు, నేను పిల్ల కడుపు చూసిన. అన్నీ ఒక్క జబ్బేనట.

ఫ్లూఓక్సెటిన్ అని గోలీలు రాసిండు. ఆ పేరు నాకు తెలుసు, ఒక పత్రికల చదివిన. అది దిగులు జబ్బుకు కదా సార్, నాకు దిగులు లేదు, సిగ్గున్నది అన్న. గోలి అదేనమ్మా, కానీ దిగులుకు ఇచ్చేదానికన్న దీనికి ఎక్కువ మోతాదు పడొచ్చు, గుణం కనపడెతందుకు పది పన్నెండు వారాలు పట్టొచ్చు, నడుమల నీ అంతట నువ్వు మానొద్దు అన్నడు. కత్తెర దాచొద్దు, పిల్ల కడుపు చూడొద్దు, ఆలోచన వస్తే రానియ్యి అని కూడ అన్నడు. గోలీల కన్న అదే కష్టమున్నది.

నీ చెల్లె,
వనమాల

నిజామాబాద్,
1 ఫిబ్రవరి 1998

అక్కా,

నీ కార్డు అందింది. "పిల్ల మంచిగున్నది" అని ఒక్క వాక్యం రాసినవు. అంతకంటె ఏం రాస్తవు. నీ స్థానంల నేనున్నా అంతే రాస్తునేమో.

ఇక్కడ నా సంచిల గోలీలు అవ్వకు దొరికినయి. పట్టుకొని మందుల దుకాణంకు పోయింది. దుకాణమాయన దిగులున్నోళ్లకు ఇస్తరు అన్నడట. అంతే, దిగులంటే ఇంక ఏముంటది, ఎవడో పిల్లగాడు మోసం చేసిండని అవ్వ తీర్పు చెప్పింది. ఎవడు వాడు, మన కులపోడేనా అని రెండు రోజులు అడిగింది. అక్కా, నాకు నవ్వొచ్చింది, నాలుగు నెలల్ల మొదటిసారి. నిజం చెప్పుడు కంటె లేని పిల్లగాన్ని ఒప్పుకునుడే నయం అనిపించింది. ఒప్పుకున్న కూడ. దానికి బడాపహాడ్ గుట్టకు తోల్కపోయి దర్గాల మొక్కించింది. నా కోసం అన్ని మెట్లెక్కిన మనిషికి అబద్ధం చెప్పిన.

ఇంకో తప్పు చేసిన. అయిదు వారాలైనా ఆలోచన పోలేదని గోలీలు ఆపేసిన. మొదటి పదిహేను రోజులు కడుపుల తిప్పింది, నిద్ర పట్టలేదు, గుణమేమో కనపడలేదు, ఎందుకీ బాధ అనుకున్న. ఆపిన వారానికి తల తిరుగుడు, ఊరికెనే కండ్ల నీళ్లు, కత్తెర మళ్ల బియ్యం డబ్బాలకు. సగం దూరంల బస్సు దిగి బోధన్ రాలేదంటే ఎట్లమ్మా అన్నడు డాక్టర్. మళ్ల మొదలుపెట్టిండు, కొన్నాళ్లకు మోతాదు పెంచుతనన్నడు.

అవ్వకు నిన్న అసలు సంగతి చెప్పిన. చాట పక్కకు పెట్టి చాలాసేపు నా చేతులు పట్టుకొని చూసింది. తరువాత కత్తెర తీసి నా ముందర పెట్టింది.

వనమాల

నిజామాబాద్,
26 ఏప్రిల్ 1998

అక్కా,

ఈసారి పెద్ద ఉత్తరమే రాసినవు. రెండు సార్లు చదివిన, మూడోసారి చదువబుద్ధి పుట్టి ఆపుకున్న.

మీ అత్తకు తెలువనియ్యలేదన్నవు, మంచిగైంది. గోలీలు మింగే మనిషి అంటే మీ బోధన్ దిక్కు చెరుకు ఊర్లల్ల పిచ్చిదనే అంటరు, రేపు నాకు సంబంధం రాదు, నీ బిడ్డకు కూడ చెడ్డ పేరొస్తది అన్నవు. "అది ఉత్త ఆలోచనే అని డాక్టరే చెప్పినంక గోలి ఎందుకు? గోలి మానుకొని రా, అప్పుడు పిల్లను నీ చేతుల పెడుత" అని రాసినవు. నువ్వు నన్ను నమ్ముతున్నననుకొని రాసినవు, తెలుసు. నేను మంచిగైన అని నీకు గోలి మానుడే సాక్ష్యం. నాకు గోలి మింగుడే సాక్ష్యం.

ఇక్కడి సంగతి చెప్తున్న. ఇరవై రోజుల నుంచి రోజూ బీడీలకు కూర్చుంటున్న. సత్తవ్వ మనుమరాలు పాక్కుంట వచ్చి ఆకు లాగుతది. ఆలోచన వస్తది. వచ్చినప్పుడు భయమైతది, చెయ్యి మాత్రం ఆగదు, ఆకు తెగుతనే ఉంటది. దాని కడుపు చూడబుద్ధయితది, చూడ. కాసేపటికి ఆ ఆలోచన ఎటువోతదో పోతది. రోజుకు వందల సార్లు వచ్చేది ఇప్పుడు అయిదారు సార్లు. మొత్తం పోతదా అని డాక్టర్‌ను అడిగిన. కొందరికి పోతది, కొందరికి చిన్నగైతది అన్నడు. సిగ్గు ఇంకా పోలేదు. దానికి ఏ గోలీ లేదనుకుంట.

గుణం నిలిచినంక కూడ కనీసం ఏడాది వాడుమన్నడు, ఆపాలంటే ఆయన మెల్లగ తగ్గిస్తడు. వాడుత. సంబంధం వస్తే వాళ్లకు చెప్పుత. మీ అత్తకు చెప్పాల్నో వద్దో నీ ఇష్టం.

వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు బోధన్ వస్తున్న. గోలీలు నా సంచిలనే ఉంటయి. మధ్యాహ్నం మీ ఇంట్లనే, మీ అందరి ముందర మింగుత. పిల్లను ఇస్తే ఎత్తుకుంట. ఇయ్యకపోతే చాయ్ తాగి సాయంత్రం బస్సుకు వాపస్ వస్త. గోలి మాత్రం మానను.

వనమాల